సెకండ్ హ్యాండ్ హెడ్‌లైట్ కొనాలా? గ్లాసు తర్వాత, ముందు వెనక్కి తిప్పి చూడండి

"కారు హెడ్‌లైట్ పగిలింది, షోరూమ్‌లో రేటు చెబితే కళ్లు తిరిగాయి. పాతది కొంటే పర్లేదా? ఏం చూసుకోవాలి?" చాలామంది అడిగే ప్రశ్నే ఇది. పర్లేదు, కొనొచ్చు. కాకపోతే ఒక సంగతి ముందే తెలుసుకోండి. పాత సామాను షాపులో పాలిష్ పట్టేది ముందు గ్లాసుకే. అది అద్దంలా మెరుస్తుంటే కొనేవాడు వెనక్కి తిప్పి చూడడు. డబ్బులు పోయేది మాత్రం వెనక భాగంలోనే: విరిగిన లగ్గులు (లైటును బాడీకి పట్టి ఉంచే ప్లాస్టిక్ చెవులు), కాలిన హోల్డరు, ఊడిన అడ్జస్టరు (వెలుగును పైకీ కిందికీ, పక్కలకూ సర్దే స్క్రూ), లేని మూతలు.

అసలు పాతది కొనడం లాభమేనా?

మారుతి ఆల్టో, వ్యాగన్ఆర్, పాత స్విఫ్ట్ లాంటి వాటి మామూలు హాలోజెన్ లైట్లకు పాతది వెతకడం దండగ. ల్యూమాక్స్, యూనో మిండా, ఫీమ్ లాంటి కంపెనీల కొత్త లైట్లే అందుబాటు ధరలో దొరుకుతాయి. కొత్తదాని ధరలో సగం పెట్టి పదేళ్ల పాతది కొంటే మిగిలేది పెద్దగా ఉండదు. మన లెక్కలో హాలోజెన్ లైటుకు కొత్తదాని ధరలో 40 శాతం మించి ఇవ్వకూడదు.

పాతది నిజంగా కలిసొచ్చేది రెండు చోట్ల. ఒకటి, ఎల్ఈడీ లేదా ప్రొజెక్టర్ (గుండ్రటి కటకంలోంచి వెలుగు పంపే) లైట్లున్న పై వేరియంట్లు, ఖరీదైన కార్లు. రెండు, కంపెనీయే మన దేశంలో అమ్మకాలు మానేసిన బండ్లు. షెవ్రొలే 2017 చివర్లో దుకాణం కట్టేసింది, ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. బీట్, క్రూజ్ లాంటి బండ్లున్నవాళ్లకు తుక్కు మార్కెట్టే దిక్కయ్యే సందర్భాలు చాలా.

ఇన్సూరెన్స్ లెక్క కూడా ఓసారి వేసుకోండి. మామూలు సమగ్ర పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు 50 శాతం తరుగు తీసేస్తారు. దానిపైన తప్పనిసరి కోత 1500 సీసీ లోపు కార్లకు రూ.1,000, ఆపై కార్లకు రూ.2,000. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అది ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా ఉంటే 50 శాతం దాకా పెరిగేది. జీరో డిప్రిసియేషన్ (తరుగు తీయని అదనపు కవరు) ఉండి, బంపరు, ఫెండరు కూడా దెబ్బతిని ఉంటే క్లెయిమే మేలు. ఒక్క లైటు మాత్రమే పగిలితే చాలాసార్లు చేతి డబ్బు పెట్టుకోవడమే మంచిది.

వెంట తీసుకెళ్లాల్సినవి

- మీ పాత లైటు. పగిలినదైనా సరే, పక్కన పెట్టి పోల్చడానికి దాన్ని మించింది లేదు.
- ఆర్‌సీ ఫోటో, ఛాసిస్ నంబరు.
- ఫోన్ టార్చి. చిన్న గుండ్రటి అద్దం ఉంటే ఇంకా మంచిది.
- 12 వోల్టుల చిన్న బ్యాటరీ (యూపీఎస్‌లో వాడే 7 ఏహెచ్‌ది చాలు), మొసలి క్లిప్పులున్న రెండు వైర్లు, మధ్యలో 10 ఆంపియర్ల ఫ్యూజు.
- మీ లైటుకు సరిపోయే మంచి బల్బు ఒకటి. హెచ్4, హెచ్7, హెచ్11, హెచ్‌బీ3... ఏదైతే అది.
- మెత్తటి బట్ట, నీళ్ల సీసా, స్టార్ స్క్రూడ్రైవరు.

1. మీకు కావలసింది ఏదో పక్కాగా తేల్చుకోండి

"స్విఫ్ట్ హెడ్‌లైట్ ఉందా?" అని అడిగితే ఏదో ఒక స్విఫ్ట్‌ది చేతిలో పెడతారు. మన దగ్గర స్విఫ్ట్ 2005లో వచ్చింది, 2011లో, 2018లో, 2024లో పూర్తిగా మారింది. 2014లో మధ్యలో మెరుగులు దిద్దారు. 2018 స్విఫ్ట్‌లోనే పై వేరియంట్‌కు ఎల్ఈడీ ప్రొజెక్టర్, కింది వాటికి హాలోజెన్. బయటి ఆకారం ఒకటే కాబట్టి రెండూ ఆ గుంటలో కూర్చుంటాయి. కప్లరు (వైర్లు కలిపే ప్లగ్గు) దగ్గరికొచ్చేసరికి వైరింగు కలవదు. కోసి అతికిద్దామనుకుంటే అక్కడి నుంచే తలనొప్పి మొదలవుతుంది.

అందుకే పేరుతో కాకుండా పార్టు నంబరుతో అడగండి. లైటు వెనక, లేదా పైన బానెట్ కింద దాగే అంచు మీద స్టిక్కరు ఉంటుంది. హ్యుందాయ్, కియా కార్లలో 92101తో మొదలైతే ఎడమ, 92102తో మొదలైతే కుడి. టొయోటాలో 81110 కుడి, 81150 ఎడమ. హోండాలో 33100 కుడి, 33150 ఎడమ. ఆ తర్వాతి అంకెలు మోడల్‌ను, వేరియంట్‌ను చెబుతాయి. అవి కూడా మీ పాత లైటు మీదున్నవాటితో కలవాలి.

కుడి ఎడమల దగ్గర బోల్తా పడేవాళ్లు ఎందరో. కారు ఎదురుగా నిలబడి "కుడిది పగిలింది" అంటే షాపువాడికి అది రాంగ్ సైడు. లెక్క ఎప్పుడూ డ్రైవరు సీట్లో కూర్చున్న మనిషిదే: మన కార్లలో డ్రైవరు వైపుది కుడి, పక్క సీటు వైపుది ఎడమ. ఫోన్‌లో అడిగేటప్పుడు "డ్రైవర్ సైడ్" అనేయండి, గొడవ ఉండదు.

ప్లాస్టిక్ మీద చిన్న గడియారం లాంటి అచ్చు కనిపిస్తే అది తయారైన తేదీ: మధ్యలో ఏడాది, బాణం చూపించే అంకె నెల. "బండి రెండేళ్లే నడిచింది" అని షాపాయన చెప్పే మాట నిజమో కాదో అక్కడే తేలిపోతుంది.

2. బయట దేశాల లైటు అయితే ఆగండి

గల్ఫ్ నుంచి వచ్చిన పాత సామాను మన మార్కెట్లలో దొరుకుతుంది. అమెరికాలో ఉన్న తమ్ముడితో తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. అచ్చం మన లైటులాగే ఉంటుంది, బిగించడానికీ సరిపోతుంది. కానీ అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. డిమ్ లైటు వెలుగు ఒక పక్కకు కాస్త పైకి లేచేలా తయారు చేస్తారు. మన దగ్గర ఎడమ పక్కకు లేవాలి, ఫుట్‌పాత్ మీదివాళ్లు, సైన్‌బోర్డులు కనిపించడానికి. అక్కడి లైట్లలో అది కుడికి లేస్తుంది, అంటే సూటిగా ఎదురొచ్చేవాడి కళ్లలోకి. స్క్రూలు తిప్పితే పోయేది కాదు ఇది.

గ్లాసు మీద వృత్తంలో ఇంగ్లిష్ E అక్షరం, పక్కన అంకె ఉంటే అది యూరప్ ఆమోద ముద్ర. లైటుకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు ఆ ముద్ర దగ్గర బాణం మీ కుడిచేతి వైపు చూపిస్తే అది మనలాగా రోడ్డుకు ఎడమవైపు నడిచే దేశాలకు చేసింది. రెండు మొనల బాణం ఉంటే రెంటికీ మార్చుకునే వీలుంది. ముద్ర ఉండి బాణం లేకపోతే వద్దు. జపాన్, బ్రిటన్, ఆస్ట్రేలియా, థాయ్‌లాండ్‌ల నుంచి వచ్చినవైతే ఈ బెడద లేదు.

3. లగ్గులు లెక్కపెట్టండి

ఇక్కడ ఎక్కువసేపు గడపండి. లైటును బాడీకి పట్టి ఉంచేవి చెవుల్లా బయటికొచ్చిన ప్లాస్టిక్ లగ్గులు. మామూలుగా మూడు నుంచి ఐదు ఉంటాయి. గుద్దుకున్నప్పుడు గ్లాసు కంటే ముందు విరిగేవి ఇవే. తుక్కు బండి నుంచి లైటును తొందరగా పీకేటప్పుడు విరిగేవీ ఇవే.

పాత లైటును పక్కన పెట్టి ఒక్కొక్క లగ్గునూ వేలితో తాకుతూ సరిపోల్చండి. ఉందా లేదా చూస్తే చాలదు, మొదట్లో చీలిక ఉందేమో కొద్దిగా వంచి చూడండి. చీలిక ఉన్నచోట తెల్లటి గీత పడుతుంది. బోల్టు రంధ్రం గుండ్రంగా ఉండాలి. సాగి కోడిగుడ్డులా అయిందంటే వదులుగా చాలాకాలం ఊగిందన్నమాట. బంపరు కింద దూరే సన్నటి నాలుకల్లాంటివి కూడా చూడండి. బోల్టు లేదు కదా అని వాటిని వదిలేస్తారు, కానీ బంపరుకూ లైటుకూ మధ్య సందు సమంగా ఉంచేవి అవే.

అతికించిన లగ్గు ఉంటే? చాలా లైట్ల డొక్కు (వెనక ప్లాస్టిక్ పెట్టె) మీద పీపీ-టీడీ40 లాంటి అచ్చు ఉంటుంది. పీపీ అంటే పాలీప్రొపిలీన్, మిగతాది అందులో 40 శాతం టాల్క్ కలిపారని గుర్తు. ఈ ప్లాస్టిక్‌ను మామూలు సూపర్ గ్లూ గానీ ఎం-సీల్ గానీ పట్టుకోవు. షాపులో బాగానే కనిపిస్తుంది, నాలుగు స్పీడ్ బ్రేకర్లు దాటాక ఊడిపోతుంది. వేడిచేసి అదే రకం ప్లాస్టిక్ కడ్డీతో వెల్డింగ్ చేసి ఉంటే మాత్రం బలంగానే నిలుస్తుంది. మీకు దొరికిన మంచి లైటుకు ఒకే ఒక్క లగ్గు లేకపోతే, మీ పాత లైటు నుంచి ఆ లగ్గును కోసి వెల్డింగ్ చేయించుకోవచ్చు. రెండూ ఒకే ప్లాస్టిక్ కాబట్టి చక్కగా కలిసిపోతాయి. ఎక్స్‌ఛేంజ్ ఇస్తామన్నా పాత లైటును అప్పుడే వదిలేయొద్దని చెప్పేది ఇందుకే. కొన్ని మోడళ్లకు రెడీమేడ్ లగ్ రిపేరు కిట్లు కూడా వస్తాయి, మీ దానికి ఉందేమో అడగండి. రెండు కంటే ఎక్కువ లగ్గులు విరిగిపోయి ఉంటే ఎంత చవకైనా వదిలేయండి.

4. ఇప్పుడు గ్లాసు

గ్లాసు అంటున్నాం గానీ అది పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. దాని మీద ఎండ తట్టుకునే పూత ఉంటుంది. ఆ పూత చెడితేనే పసుపు రంగు, మసక. షాపువాళ్లు దాన్ని రుద్ది మెరిపిస్తారు, పూత మాత్రం మళ్లీ వేయరు. కొన్నాళ్లు కళకళలాడి తర్వాత మునుపటికంటే త్వరగా పసుపెక్కుతుంది.

రుద్దారో లేదో కనిపెట్టడం తేలికే. ఎండలోకి తీసుకెళ్లి వాలుగా చూడండి, సాలెగూడులా సన్నటి గుండ్రటి గీతలు కనిపిస్తాయి. అంచుల్లో, బంపరు కప్పే చోట పసుపు అలాగే ఉండి మధ్యలో తెల్లగా ఉంటే అదీ రుజువే. గ్లాసు మీది అచ్చు అక్షరాలు అరిగిపోయి ఉంటాయి. క్లియర్ కోట్ కొట్టి ఉంటే నారింజ తొక్కలా చిన్న గుంటలు, అంచున కారిన చుక్కలు కనిపిస్తాయి.

రుద్దినంత మాత్రాన లైటు పనికిరాదని కాదు. ధర తగ్గించమని అడగండి, అంతే. ఇంటికొచ్చాక 1000, 1500, 2000, 3000 నంబర్ల వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) వరసగా రుద్ది, కాంపౌండుతో మెరిపించి, ఎండ తట్టుకునే టూ-కే (గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టే) క్లియర్ కోట్ కొట్టిస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. టూత్‌పేస్టు చిట్కా పెట్టుకోకండి.

పనికిరాని గ్లాసు ఎలా ఉంటుందంటే: లోపలి నుంచి మసకబారినది, వెంట్రుకవాసి పగులు ఉన్నది. పగులు గోరుకు తగలకపోయినా వెనక నుంచి టార్చి వేస్తే వెండి గీతలా మెరుస్తుంది. వానాకాలం రాగానే అందులోంచే నీళ్లు దిగుతాయి.

గ్లాసు, డొక్కు కలిసే గాడిలో ఫ్యాక్టరీ జిగురు చుట్టూ ఒకే మందంతో సమంగా ఉంటుంది. తెల్లగా, పారదర్శకంగా సిలికాన్ బయటికి ఉబికి ఉంటే ఎవరో విప్పి మళ్లీ మూశారు. ఎందుకు విప్పారో అడగండి. లోపల నల్లరంగు వేయడానికో, పగిలిన గ్లాసు మార్చడానికో అయ్యుంటుంది. గ్లాసు వేరే లైటుదైతే గాడి ఎక్కడో ఒకచోట సరిగా కూర్చోదు.

5. బల్బు తీసి లోపలికి తొంగి చూడండి

వెనక మూత తీసి, బల్బు తీసి, ఆ రంధ్రంలోంచి టార్చి వేయండి. రిఫ్లెక్టరు (బల్బు వెలుగును ముందుకు మళ్లించే వెండి పూత గిన్నె) అద్దంలా ఉండాలి. బల్బుకు సరిగ్గా పైన చూడండి. వేడి పైకే పోతుంది కాబట్టి కాలితే అక్కడే కాలుతుంది. గోధుమరంగు మచ్చ, పొగ పట్టినట్టు మసక, పెచ్చు లేచిన పూత... వీటిలో ఏది కనిపించినా ఆ లైటు రాత్రిపూట రోడ్డు చూపించదు. 55/60 వాట్ల బల్బు ఉండాల్సిన చోట 90/100 వాట్లది వాడినవాళ్ల నిర్వాకం ఇది. దీనికి మందు లేదు.

లోపల దుమ్ము ఉంటే అక్కడే గుడ్డ పెట్టి తుడిచి చూపించబోతారు. ఆపేయండి. ఆ వెండి పూత మీద గుడ్డ పడితే గీతలు పడి ఇక ఎప్పటికీ పోవు. ఊదడం వరకే.

ప్రొజెక్టర్ లైటైతే ముందున్న గుండ్రటి కటకం వెనక పొగమంచు లాంటి పొర ఉందేమో చూడండి. ప్రొజెక్టరు లోపలి గిన్నె కాలినా వెలుగు బాగా పడిపోతుంది.

6. నీళ్లు, వరద

లైటును చెవి దగ్గర పెట్టి ఊపండి. నీటి చప్పుడు, ఊడిన ముక్కల గలగల వినిపిస్తే పక్కన పెట్టేయండి. లోపల ఒక మట్టానికి గీత గీసినట్టు బురద మరక ఉంటే అది వరదలో మునిగిన బండిది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన బండ్లు ఎన్నో. వాటి సామాను ఎక్కడో ఒకచోట అమ్మకానికి రాక తప్పదు. హాలోజెన్ లైటైతే ఎండబెట్టి వాడుకోవచ్చేమో గానీ, మునిగిన ఎల్ఈడీ లైటును ఊరికే ఇచ్చినా తీసుకోకండి. కప్లరు పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే లోపలి సర్క్యూటు సంగతి చెప్పక్కర్లేదు.

గ్లాసు లోపల పల్చటి ఆవిరి ఉండి, లైటు వేసిన అరగంటలో పోతే అది జబ్బు కాదు. హెడ్‌లైట్లు గాలి పీల్చుకునేలా సన్నటి రంధ్రాలు పెట్టే తయారు చేస్తారు. చుక్కలుగా నిలిచి కిందికి కారితేనే లీకు. ఆ గాలి రంధ్రాల మీద ఉండే చిన్న రబ్బరు గొట్టాలు, టోపీలు ఉన్నాయో లేదో చూడండి. కొందరు లీకు ఆపుతామని వాటినే సిలికాన్‌తో పూడ్చేస్తారు. అప్పుడు ఆవిరి బయటికి పోయే దారి లేక ఇంకా ఎక్కువ పడుతుంది.

7. హోల్డరు, కప్లరు, అడ్జస్టరు, మోటారు

బల్బు కూర్చునే చోటు కరగకూడదు. బల్బును పట్టి ఉంచే తీగ స్ప్రింగు ఉండాలి. అది లేకపోతే బల్బు వంకరగా కూర్చుని వెలుగు చెదిరిపోతుంది. వెనక మూతలు, వాటి రబ్బరు రింగులు అన్నీ ఉన్నాయా? అమ్మేవాళ్లు తీసిపెట్టుకుని విడిగా అమ్ముకునేవి ఇవే. లేకపోతే మీ పాత లైటు నుంచి తీసి పెట్టుకోండి.

అడ్జస్టరు స్క్రూలు రెండుంటాయి, ఒకటి పైకీ కిందికీ, ఇంకొకటి పక్కలకు. స్క్రూడ్రైవరుతో రెండు మూడు చుట్లు తిప్పుతూ రిఫ్లెక్టరును చూడండి. స్క్రూ తిరుగుతూ రిఫ్లెక్టరు కదలకపోతే లోపలి పళ్లు అరిగిపోయాయి. లైటును ఊపినప్పుడు రిఫ్లెక్టరు టకటకలాడితే బంతి కీలు ఊడిపోయింది. అదే లైటు బండిలో ఉంటే గతుకు రోడ్డు మీద వెలుగు వణుకుతుంది.

లెవెలింగ్ మోటారు (వెలుగు ఎత్తు మార్చేది) ఉన్న లైటైతే మోటారుతోనే తీసుకోండి. అది లేకుండా ఇస్తే ఎంత తగ్గిస్తారో అడగండి. మీ పాత లైటులో మోటారు బాగుంటే అదే మార్చుకోవచ్చు.

8. వెలిగించి చూడండి

హాలోజెన్ బల్బుకు ప్లస్ మైనస్ తేడా లేదు. హెచ్4కు మూడు పిన్నులుంటాయి. రెండేసి చొప్పున కలిపి చూడండి. ఒక జతకు డిమ్, ఇంకో జతకు బ్రైట్ వెలుగుతుంది. మూడో జతకు రెండు తీగలూ నీరసంగా వెలుగుతాయి. కంగారు పడకండి, కరెంటు రెండు తీగల్లోంచి వరసగా పోతోంది కాబట్టి అలా, బల్బు బాగానే ఉంది. గోడకు రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టి డిమ్ వేస్తే, పైన చీకటి కింద వెలుగు విడగొట్టే గీత స్పష్టంగా రావాలి, ఎడమ పక్కన కాస్త పైకి లేవాలి.

షాపువాడు ఎల్ఈడీ బల్బు పెట్టి వెలిగించి చూపిస్తే ఒప్పుకోకండి. కాలిన రిఫ్లెక్టరులో కూడా ఆ తెల్లటి వెలుగు జిగేల్‌మంటుంది. మీరు తెచ్చిన హాలోజెన్ బల్బు పెట్టించండి. వేడిగా ఉన్న గ్లాసు మీద నీళ్లు పోయకండి. బల్బు గాజును చేత్తో ముట్టుకోకండి, వేలి నూనె అంటిన చోట వేడెక్కి త్వరగా పేలిపోతుంది.

ఎల్ఈడీ లైట్ల దగ్గర జాగ్రత్త. చాలావాటికి నేరుగా బ్యాటరీ తగిలిస్తే వెలగవు, కంప్యూటరు నుంచి సిగ్నలు రావాలి. పిన్నుల క్రమం తెలియకుండా వైరు తాకిస్తే లోపలి డ్రైవర్ సర్క్యూటు (ఎల్ఈడీలకు కరెంటు సరిచేసి పంపేది) మాడిపోతుంది, దాని ధరే లైటులో పెద్ద వాటా. వీటిని బండికే తగిలించి చూడాలి. షాపు దగ్గరికి బండి తీసుకెళ్లి, బంపరు తీయకుండానే కప్లరు మాత్రం కలిపి డీఆర్ఎల్ (పగటిపూట వెలిగే లైటు), డిమ్, బ్రైట్, ఇండికేటరు ఒక్కొక్కటీ పదిహేను నిమిషాలు వెలిగించండి. చల్లగా ఉన్నప్పుడు వెలిగి వేడెక్కాక ఆరిపోయే లైట్లు చాలానే ఉంటాయి. లైటు అడుగున స్క్రూలతో బిగించి ఉండే, డ్రైవర్ సర్క్యూటున్న చిన్న అల్యూమినియం పెట్టె ఉందో లేదో కూడా చూడండి. దాన్ని తీసేసి అమ్మడం మామూలే. జర్మన్ కార్ల పై మోడళ్లలో కోడింగ్ (కొత్త లైటును కారు కంప్యూటరులో నమోదు చేయడం) కూడా చేయాల్సి రావచ్చు. ఆ ఖర్చు మెకానిక్‌ను ముందే అడగండి.

జెనాన్ లైటైతే బల్బు రకం చూసుకోండి. డీ2ఎస్, డీ4ఎస్ రెండూ 35 వాట్లే, చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి. మొదటిది సుమారు 85 వోల్టులకు, రెండోది సుమారు 42 వోల్టులకు పనిచేస్తుంది. బల్లాస్టులు (బల్బుకు కరెంటు అందించే పెట్టెలు) వేరు, ఒకదాని బదులు ఇంకొకటి నడవదు. వెలిగే క్షణంలో వేల వోల్టులు పుడతాయి. అనుభవం లేకపోతే విప్పే పని పెట్టుకోకండి.

9. బేరం, బిల్లు

విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్ ఆటోనగర్, చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి... ఎక్కడైనా మొదట చెప్పే ధర అడిగే ధరే గానీ ఇచ్చే ధర కాదు. లోపాలు ఒక్కొక్కటీ చూపిస్తూ అడగండి: లగ్గు వెల్డింగుకు ఇంత, మూతకు ఇంత, గ్లాసు పూతకు ఇంత. ఊరికే "తగ్గించండి" అనడం కంటే ఇది పనిచేస్తుంది.

చెకింగ్ వారంటీ మూడు రోజులైనా అడిగి బిల్లు మీద రాయించుకోండి. బిల్లులో పార్టు నంబరు ఉండాలి. ఖరీదైన కారు లైటు, బోల్టులు విప్పకుండా బ్రాకెట్టుతో సహా పెకిలించినట్టుండి, వైర్లు కోసేసి, బిల్లు ఇవ్వనంటే దాని జోలికి పోవద్దు. దొంగసొత్తని తెలిసి, లేదా అలా అనుమానించడానికి కారణం ఉండి కొంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద కొన్నవాడికీ కేసు తగులుకుంటుంది.

కొరియర్‌లో తెప్పించుకుంటున్నారా? డబ్బు పంపే ముందు ఫోటోలు కాదు, వీడియో అడగండి: వెనక భాగం, ప్రతి లగ్గు, స్టిక్కరు, కప్లరు లోపలి పిన్నులు, వెనక నుంచి టార్చి వేసిన గ్లాసు. లగ్గుల చుట్టూ థర్మోకోల్ పెట్టి, డబ్బాలో డబ్బా పెట్టి పంపమనండి. పార్సెల్ విప్పేటప్పుడు మొదటి కత్తిగాటు నుంచి వీడియో తీయండి.

10. బిగించడం

బండి ఆపి, తాళంచెవి బయటికి తీసి, లైట్ల స్విచ్ ఆపి మొదలుపెట్టండి. చాలా మోడళ్లలో బంపరు విప్పాల్సిందే. బంపరు విప్పకుండా లైటును లాగబోతే, ఇంత కష్టపడి తెచ్చిన లగ్గు అప్పుడే విరుగుతుంది. ఎక్కువగా 10 మి.మీ. బోల్టులే ఉంటాయి.

అన్ని బోల్టులూ సగం వరకే ఎక్కించండి. బానెట్ మెల్లగా దించి, ఫెండరుతోనూ బానెట్‌తోనూ సందు సమానంగా ఉందో చూసి, ఆ తర్వాతే ఒక్కొక్కటీ బిగించండి. ఒక బోల్టును ముందే గట్టిగా బిగిస్తే మిగతావి రంధ్రాలకు సూటిగా రావు. బలవంతం చేస్తే లగ్గు చీలుతుంది. బిగించాక బల్బులు రెండు వైపులా కొత్తవి, ఒకే కంపెనీవి వేయండి. ఒకవైపు పాతదుంటే రంగు తేడా తెలిసిపోతుంది.

ఇండికేటరు మామూలుకంటే వేగంగా కొట్టుకుంటోందంటే ఏదో ఒక బల్బు కాంటాక్టు లేదు, లేదా వాట్లు తప్పు.

11. గోడ మీద సరిచూసుకోండి

దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. రోడ్డు మీద ఎదుటివాళ్లు డిప్పర్ కొడుతుంటే "మనది ఎల్ఈడీ కదా, అందుకే" అనుకుంటారు.

సమతలంగా ఉన్న చోట గోడకు లైటు 5 మీటర్ల దూరంలో ఉండేలా బండి నిలపండి. టైర్లలో గాలి సరిగా ఉండాలి, డ్రైవరు సీట్లో ఒకరు కూర్చోవాలి, లెవెలింగ్ చక్రం సున్నా దగ్గర పెట్టాలి. నేల నుంచి బల్బు మధ్య వరకు ఎత్తు కొలిచి గోడ మీద గుర్తు పెట్టండి. దానికి 5 సెం.మీ. కింద టేపుతో అడ్డగీత వేయండి. ఇది 1 శాతం వాలు లెక్క. మీ లైటు మీద 1.2 శాతం అని రాసుంటే 6 సెం.మీ. కింద వేయాలి. ఇంకో వైపు లైటును గుడ్డతో కప్పి, డిమ్ వేసి, వెలుగు పై అంచులోని సమమైన భాగం ఆ గీతకు తగిలేలా స్క్రూ తిప్పండి. పైకి లేచే మలుపు లైటుకు సూటిగా ఎదురుగా రావాలి. తర్వాత రెండోది.

లైటు మరీ కిందికి దించేస్తే మీకు రోడ్డు కనిపించదు, పైకి లేపితే ఎదుటివాడికి కనిపించదు. మన మోటారు వాహన నియమాల్లో 106వ నియమం కూడా ఎదుటివారి కళ్లు చెదరకుండా వెలుగు కిందికి వాలి ఉండాలనే చెబుతుంది.

ఆఖరుగా నీటి పరీక్ష. లైటు చల్లారాక పైపుతో మామూలు వాన పడినట్టు రెండు మూడు నిమిషాలు నీళ్లు కొట్టండి. ప్రెషర్ వాషర్ వద్దు. తర్వాత అరగంట లైటు వెలిగించి లోపల చుక్కలున్నాయేమో చూడండి. ఉంటే మొదట వెనక మూతల రబ్బరు రింగులు సరిగా కూర్చున్నాయో చూసుకోండి. చాలా లీకులు అక్కడివే. రింగు బాగుండి కూడా నీళ్లు దిగుతుంటే గాడిలోంచి వస్తున్నట్టే, చెకింగ్ వారంటీ గడువు దాటకముందే షాపుకు తీసుకెళ్లండి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్లీ ఓసారి బిగించి, గోడ మీద గీతను ఇంకోసారి సరిచూసుకోండి. మీ పాత లైటును తుక్కుకు వేయడం ఆ తర్వాతే.